ఏమీ వదులుకోకుండా రిక్తులు కావడం ఎలా?

ఈ చిట్కాలు ఆంగ్లికన్ బిషపుగార్ల కోసం. బిషప్ కాబోయేవారి కోసం. "నాకెందుకండీ ఆ పదవి" అంటూనే ఎన్నిక తేదీ కనుక్కునేవారి కోసం కూడా. మీరు ఏ వర్గమన్నది అనవసరం. స్వలింగ జంటలను గుళ్లో దీవించాలనేవారికీ, దీవించినవాళ్లతో మాకు పొత్తు లేదనేవారికీ, బలిపీఠం దగ్గర ఆడమనిషి నిలబడితే వేరే గుడి వెతుక్కునేవారికీ ఇందులో మందు ఒకటే. అన్ని వైపులవారూ వాడి చూసిందే, ఎవరికీ చెడు చేయలేదు. ఎవరి పదవీ పోలేదు. పోయినవాళ్లు ఒకరిద్దరున్నారు, వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

సమస్య ఏమిటంటే, పౌలు ఫిలిప్పీలో ఉన్న విశ్వాసులకు ఒక ఉత్తరం రాశాడు. దేవునితో సమానమైన స్థానం ఉండి కూడా క్రీస్తు దాన్ని పట్టుకు వేళ్లాడలేదని, తనను తాను రిక్తుణ్ని చేసుకుని దాసుడిగా వచ్చాడని అందులో రెండో అధ్యాయం. ఆంగ్లికన్ గుళ్లలో దాన్ని మట్టల ఆదివారం చదువుతారు. చదివినంతసేపూ ఒళ్లు పులకరిస్తుంది. సోమవారం పొద్దున డయోసిస్ ఆఫీసుకు వెళ్లాక దాన్నేం చేయాలో ఎవరికీ తోచదు. ఖాళీ కావాలంటే చేతిలో ఉన్నవి కింద పెట్టాలి కదా. కుర్చీ, భవనం, ఓటు, అన్నిటికన్నా మించి 'నాదే కరెక్ట్' అన్న సంతోషం. ఇవన్నీ పెట్టేశాక మనిషి మిగులుతాడేమో గానీ బిషప్ మిగలడు. కాబట్టి చేతిలోది చేతిలోనే ఉంచుకుని ఖాళీ చేతులు చూపించే విద్య నేర్చుకోవాలి.

మొదటి జాగ్రత్త: ఆ ఉత్తరాన్ని రెండో అధ్యాయంతో ఆపేయండి. నాలుగో అధ్యాయం దాకా వెళితే యువొదియ, సుంటుకే అని ఇద్దరు ఆడవాళ్లు తగులుతారు. ఇద్దరికీ పడటం లేదు. ఏక మనసుతో ఉండండమ్మా అని పౌలు ఇద్దరినీ విడివిడిగా బతిమాలుకుంటాడు. గొడవ దేని గురించో చెప్పడు, తప్పు ఎవరిదో చెప్పడు, పైగా ఇద్దరూ సువార్త పనిలో నాతో పాటు కష్టపడ్డవాళ్లేనంటాడు. అంటే రిక్తుడైన క్రీస్తు గురించి అంత గొప్ప మాట రాసింది వేదాంతం పరీక్ష కోసం కాదు, చీలిపోయేలా ఉన్న ఒక మామూలు సంఘం కోసం. ఇది మీ మనుషులకు తెలిసిందంటే మిమ్మల్నీ మీ ఎదుటి వర్గాన్నీ ఒక గదిలో కూర్చోబెడతారు. రెండో అధ్యాయాన్ని పాటగా పాడించి మూసేయడం క్షేమం.

వేదాంతంగా తీసుకుంటే మాత్రం ఎంత దూరమైనా వెళ్లొచ్చు. 1891లో చార్లెస్ గోర్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిస్తూ, క్రీస్తు మనిషిగా ఉన్న రోజుల్లో మనిషికుండే తెలివి పరిమితుల్నీ ఒప్పుకున్నాడని వాదించాడు. అప్పట్లో పెద్ద దుమారం. తర్వాత ఆయన వరసగా మూడు డయోసిస్‌లకు బిషప్ అయ్యాడు, దుమారమూ చల్లారింది. నేర్చుకోవలసింది ఇదే: క్రీస్తుకు తెలియనివి కొన్ని ఉన్నాయంటే ఆంగ్లికన్లు వందేళ్ల కిందటే సర్దుకున్నారు, మా కమిటీకి తెలియనిది ఒకటుందేమో అంటే ఇప్పటికీ సర్దుకోరు.

మీరు తక్కువగా ఉన్నచోటే తలలు లెక్కపెట్టండి

వినయానికి పునాది బాధితుడిగా కనిపించడం. అందుకు లెక్కలు తెలియాలి.

1998లో లాంబెత్ సమావేశంలో ప్రపంచమంతటి ఆంగ్లికన్ బిషప్పులు ఒక తీర్మానం మీద ఓటేశారు. స్వలింగ సంపర్కం లేఖనాలకు విరుద్ధమన్నది అందులో ముఖ్యమైన మాట. అనుకూలంగా 526, వ్యతిరేకంగా 70, తటస్థంగా 45. ఇక చూడండి. మీరు అమెరికాలో ఉదారవాద బిషప్ అయితే ఈ 70 మందిలో నిలబడి, లోకమంతా మమ్మల్ని తొక్కేస్తోందనండి. మీ దేశంలో మీదే మెజారిటీ అనీ, గుడి ఆస్తంతా డయోసిస్ పేరున ట్రస్టులో ఉన్నట్టేనని 1979లోనే మీవాళ్లు నియమం రాసుకున్నారనీ అనవసరంగా ఎత్తకండి. మీరు అదే అమెరికాలో సంప్రదాయవాది అయితే సరిగ్గా తిరగేయండి. సొంత దేశంలో మేం కొద్దిమందిమి, మమ్మల్ని వెళ్లగొడుతున్నారు అనండి. ఆ 526 వెనకాల ఉందన్న సంగతి సాయంత్రం ఫోన్లలో మాట్లాడుకోవచ్చు.

ఆఫ్రికా బిషప్ అయితే డబ్బు, చరిత్ర, కాంటర్‌బరీ కుర్చీ అన్నీ ఇంగ్లిషువాళ్ల చేతుల్లోనే ఉన్నాయనండి. ఇది నిజం కూడా, అందుకే బాగా పనిచేస్తుంది. ఆదివారం గుళ్లో ఎవరి జనం ఎక్కువ అన్న ప్రశ్న రాగానే మాత్రం వెంటనే మెజారిటీలోకి మారిపోండి. ఇక కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయితే మీ పని మరీ తేలిక. ప్రపంచ ఆంగ్లికన్ సంఘాల కూటమి అయిన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో 42 ప్రావిన్సులున్నాయి, సొంతదాన్ని తప్ప ఇంకే ప్రావిన్సునూ శాసించే అధికారం మీకు లేదు, మీరు సమానుల్లో మొదటివారు మాత్రమే. ఈ బిరుదు కనిపెట్టినవాళ్లకు గుడి కట్టాలి. మొదటివాణ్నని గుర్తుచేస్తూనే సమానుణ్నని తగ్గడానికి ఇంతకన్నా పొదుపైన మాట లేదు.

కాళ్లు కడిగేటప్పుడు

2016 జనవరిలో ప్రైమేట్లు, అంటే ఒక్కో ప్రావిన్సుకు పెద్దలైన ఆర్చిబిషప్పులు, కాంటర్‌బరీలో కలిశారు. ఉగాండా ఆర్చిబిషప్ మధ్యలోనే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కూర్చుని, స్వలింగ వివాహాలను అంగీకరించిన అమెరికా సంఘాన్ని మూడేళ్ల పాటు కొన్ని కమిటీలకూ నిర్ణయాలకూ దూరం పెట్టాలని తీర్మానించారు. అదే సమావేశంలో ఒకరి కాళ్లు ఒకరు కడుక్కున్నారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే సణుగుతారు గానీ, అడుసు తొక్కడానికీ కాలు కడగడానికీ ఒకే ఎజెండాలో చోటు చూపించడం పరిపాలన తెలిసినవాళ్ల పని.

యోహాను సువార్తలో యేసు కాళ్లు కడిగినవాళ్లలో యూదా కూడా ఉన్నాడు. ఈ వివరం మీద ప్రసంగం చేయొద్దు. మీరు ఎవరి కాళ్లు కడగాలో కుర్చీల వరసే నిర్ణయిస్తుంది. రేపు మీ మీద ఓటేసేవాడు ఆ వరసలో పక్కన తగలకుండా చూసుకుంటే నీళ్లు చల్లగా ఉన్నా ఇబ్బందనిపించదు.

ఆ సమావేశంలో ప్రైమేట్లకు దీనత్వం గురించి చెప్పింది జాన్ వానియే. మానసిక వైకల్యం ఉన్నవాళ్లతో కలిసి బతికే లార్ష్ సమాజాలు స్థాపించినాయన, బతికుండగానే పుణ్యపురుషుడని పేరు. ఆయన పోయాక, 2020 ఫిబ్రవరిలో, లార్ష్ తానే వేయించిన విచారణలో తేలిందేమిటంటే, ఆధ్యాత్మిక సలహా పేరుతో తన దగ్గరికి వచ్చిన ఆడవాళ్లను ఆయన లైంగికంగా వాడుకున్నాడు. ఈ పేరాకు చిట్కా లేదు. దీనత్వం పేరు చెప్పుకుని కూడా మనిషి మీద పెత్తనం చేయొచ్చని మాత్రం రాసి పెట్టుకోండి.

విచారించండి, ఒప్పుకోకండి

క్షమాపణలో రెండు రకాలు. నేను చేసినందుకు అడిగేది ఒకటి. నువ్వు బాధపడ్డందుకు విచారించేది ఒకటి. మీరు ఎప్పుడూ రెండోదే వాడాలి.

2003 నవంబరు 2న న్యూ హాంప్‌షైర్‌లో జీన్ రాబిన్సన్‌కు బిషప్ అభిషేకం జరిగింది. పురుషుడితో కలిసి జీవిస్తున్నానని దాచకుండా బిషప్ అయిన మనిషి. చంపేస్తామన్న బెదిరింపుల వల్ల ఆయన అభిషేక వస్త్రాల కింద బులెట్ తగలని చొక్కా వేసుకున్నాడు. మరుసటి ఏడాది వచ్చిన విండ్సర్ నివేదిక, బంధాలు తెంచినందుకు విచారం తెలపమని అమెరికా సంఘాన్ని కోరింది. వేరేవాళ్ల డయోసిస్‌లలోకి చొరబడి సంఘాలను తమ కిందికి తెచ్చుకుంటున్న బిషప్పులనూ విచారం తెలపమంది. న్యాయంగానే ఉంది కదా? అమెరికా బిషప్పులు 2005 జనవరిలో విచారించారు, ఇతరులకు కలిగిన నొప్పికి, బాధకు. చేసిన పనికి కాదు. రెండోవైపు వాళ్లు ఆ శ్రమ కూడా పెట్టుకోలేదు. 2007 మేలో నైజీరియా ఆర్చిబిషప్ స్వయంగా వర్జీనియా వచ్చి అక్కడి తమ మిషన్‌కు బిషప్‌ను కూర్చోబెట్టి వెళ్లారు. ఇద్దరిలో ఎవరిది మెరుగైన పద్ధతి అంటే మొదటిదే. అందులో కనీసం వ్యాకరణం నేర్చుకోవచ్చు.

ఇంకా పై మెట్టు ఒకటుంది. మీరు చేయని తప్పుకు సాష్టాంగపడటం. 2019 సెప్టెంబరులో అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ అమృతసర్ వచ్చి జలియన్‌వాలా బాగ్ స్మారకం ముందు నేల మీద బోర్లా పడుకుని ప్రార్థించారు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మాట్లాడలేను గానీ క్రీస్తు పేరిట సిగ్గుపడుతున్నాను, విచారిస్తున్నాను అన్నారు. ఆ ఫొటో చూసి కళ్లు చెమర్చినవాళ్లున్నారు, వాళ్లను నేను వెక్కిరించను. ఆ నేల మీద అలా పడుకోవడం మంచి పనే. వందేళ్ల కిందట వేరేవాళ్లు కాల్చిన తూటాలకు పడుకోవడం, నిన్న మన ఆఫీసులో మూసి పెట్టిన ఫైలుకు పడుకోవడం కన్నా తేలికన్నదే నేను చెప్పదలుచుకున్నది.

ఆ ఫైలూ వచ్చింది. జాన్ స్మైత్ అనే న్యాయవాది క్రైస్తవ శిబిరాల పేరుతో దశాబ్దాల పాటు వందమందికి పైగా అబ్బాయిలను, కుర్రాళ్లను చిత్రహింస పెట్టాడు. 2024 నవంబరులో వచ్చిన మేకిన్ నివేదిక, 2013లో తనకు సంగతి తెలిశాక వెల్బీ ఇంకా చేయగలిగింది ఉందని, చేయాల్సిందని తేల్చింది. కొద్ది రోజుల్లోనే ఆయన రాజీనామా ప్రకటించారు. ఇక్కడిదాకా అది నిజంగా కింద పెట్టడమే, ఎంత ఆలస్యమైనా. డిసెంబరు 5న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో వీడ్కోలు ప్రసంగం చేస్తూ, ఒక తల దొర్లక తప్పని పరిస్థితి అన్న ధోరణిలో మాట్లాడి, 1381 రైతుల తిరుగుబాటులో తల తెగిన ఆర్చిబిషప్ సడ్బరీని గుర్తుచేశారు. తన అపాయింట్‌మెంట్లు చూసే సెక్రటరీ పాట్లు తలుచుకుని ఒక జోకు కూడా వేశారు. సభలో నవ్వులు. దెబ్బలు తిన్నవాళ్లకు నవ్వు రాలేదు. మర్నాడు మళ్లీ క్షమాపణ.

మీకు పాఠం: కుర్చీ దిగే రోజున నోరు కూడా దించండి. దిగడమే పెద్ద త్యాగమన్నట్టు మాట్లాడితే దిగిన పుణ్యం దక్కదు. (ఇది పొరపాటున మంచి సలహా అయిపోయింది. పట్టించుకోకండి.)

వినడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1998 తీర్మానంలోనే స్వలింగ సంపర్కుల అనుభవాలను వింటామన్న హామీ ఉంది. 2008 లాంబెత్‌లో జులూ మాట అరువు తెచ్చి 'ఇండాబా' అన్నారు, బిషప్పులు గుంపులు గుంపులుగా కూర్చుని విన్నారు. ఎవరి గురించి వింటున్నారో ఆ రాబిన్సన్‌కు మాత్రం ఆహ్వానం లేదు. తర్వాత ఇంగ్లండులో 'ఉమ్మడి సంభాషణలు' అన్నారు. ఆ తర్వాత 2020లో దాదాపు అయిదు వందల పేజీల పుస్తకం వేశారు. వినడం నిర్ణయానికి బదులుగా ఎంతకాలమైనా నడుస్తుంది, ఖర్చు టీ బిస్కెట్లదే.

బల్ల దగ్గర

పాత రోజుల్లో పెళ్లికొచ్చిన వియ్యపువాళ్లు అలిగితే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాళ్లు, మాట చెల్లేదాకా ముద్ద ముట్టేవాళ్లు కాదు. ఆంగ్లికన్లలో ఇప్పుడు ప్రభు భోజనానికీ ఆ గౌరవం వచ్చింది. 2007లో దారెస్సలాంలో ప్రైమేట్లు కలిసినప్పుడు, అమెరికా సంఘానికి పెద్దగా ఎన్నికైన కేథరిన్ జెఫర్ట్స్ షోరి ఉన్న సంస్కారంలో పాలు పంచుకోమని కొందరు తప్పుకున్నారు. 2022 లాంబెత్‌కు నైజీరియా, రువాండా, ఉగాండా బిషప్పులు అసలు రాలేదు. వచ్చినవాళ్లలో కూడా గ్లోబల్ సౌత్ అనే సంప్రదాయవాద బృందంవారు చాలామంది కాంటర్‌బరీ కథీడ్రల్‌లో రొట్టె, ద్రాక్షారసం పంచుతుంటే కుర్చీల్లోంచి లేవలేదు. అటు పక్క ఆతిథ్యం ఇచ్చినవాళ్ల మర్యాద ఎలా ఉందంటే, బిషప్పుల భార్యలను, భర్తలను సమావేశానికి పిలిచారు గానీ స్వలింగ జంటల్లో రెండోవారిని పిలవలేదు.

తినకుండా కూర్చున్నవాళ్ల మనస్సాక్షిని నేను శంకించను. వాళ్లకది నటన కాదు. కానీ సలహాదారుగా నా పని మీకు దాన్నెలా వాడుకోవాలో చెప్పడం. బల్ల దగ్గరికి వెళ్లడమంటే మీ పక్కనున్నవాడూ మీలాగే చేయి చాచినవాడని ఒప్పుకోవడం. వెళ్లకపోతే ఆ ఇబ్బంది లేదు. పైగా 'మా హృదయం బద్దలవుతోంది' అన్న ప్రకటన ముందే అచ్చు వేసి ఉంచుకోవచ్చు.

దస్తావేజులు

ఆత్మ సంగతి ఎలా ఉన్నా ఆస్తి సంగతి కోర్టులే తేలుస్తాయి, తొందరపడకండి. వర్జీనియాలో ఫాల్స్ చర్చ్ అని వలసరాజ్యాల కాలం నాటి గుడి ఉంది, చుట్టూ ఊరికి పేరే దాన్నించి వచ్చింది. సంఘంలో ఎక్కువమంది విడిపోయి భవనం తమదన్నారు. ఏళ్ల తరబడి కేసు నడిచి 2012లో అమెరికా సంఘపు డయోసిస్‌కే దక్కింది. టెక్సస్‌లో ఫోర్ట్‌వర్త్‌లో అటుది ఇటయింది: 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు విడిపోయినవాళ్ల పక్షాన తీర్పిచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో బింగ్‌హామ్‌టన్‌లో జరిగింది నాకు బాగా నచ్చింది. విడిపోయిన సంఘం తన గుడిని తానే డబ్బిచ్చి కొనుక్కుంటానంది. డయోసిస్ వాళ్లకు అమ్మలేదు, అంతకన్నా తక్కువ ధరకు ఒక ముస్లిం సంస్థకు అమ్మేసింది. కొన్నవాళ్లకు మేలే జరిగింది, దానికి నా అభ్యంతరం లేదు. తనను తాను తగ్గించుకోమంటే ధర తగ్గించుకోవడమని అర్థం చేసుకున్న డయోసిస్‌ను మాత్రం మెచ్చుకోవాలి.

ఈ విషయంలో మనం వెనకబడి లేం. దక్షిణ భారత సంఘం, అంటే మన సిఎస్‌ఐ, మోడరేటర్ ఎన్నిక గొడవను మద్రాసు హైకోర్టు దాకా, అక్కణ్నుంచి సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది. మిషన్ కాంపౌండ్ల భూములు, కాలేజీ కరస్పాండెంట్ పదవులు, పాస్టరేట్ కమిటీ ఎన్నికలు, వీటిల్లో మన అయ్యగార్లకు నేను చెప్పేదేమీ లేదు, వాళ్ల దగ్గర నేర్చుకునేదే ఉంది. పోస్టరు మీద 'మోస్ట్ రెవరెండ్' అని ఎంత లావు అక్షరాల్లో వేయాలో, దాని కింద 'ప్రభువు దీనదాసుడు' అని ఎంత సన్నగా వేయాలో ఇంగ్లండువాళ్లే మన ఫ్లెక్సీలు చూసి తెలుసుకోవాలి.

ఎదుటివాణ్ని ఖాళీ చేయించడం

ఇదే అసలు కిటుకు, మిగతావన్నీ దీని ముందు చిన్నవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, రిక్తత్వాన్ని ఎప్పుడూ పక్కవాడి జేబులోంచి తీయాలి.

2003 వేసవిలో జెఫ్రీ జాన్ అనే గురువును రెడింగ్ బిషప్‌గా ప్రకటించారు. ఆయన స్వలింగ సంపర్కుడు, బ్రహ్మచర్యం పాటిస్తున్నానని చెప్పినవాడు, అంటే ఇంగ్లండు సంఘం పెట్టిన నియమాన్ని అక్షరాలా పాటిస్తున్నవాడు. అయినా గొడవైంది. సంఘం ఐక్యత కోసం తప్పుకోమని ఆర్చిబిషప్ ఒత్తిడి చేస్తే జులైలో తప్పుకున్నాడు. చూశారా, ఐక్యత కోసం ఒకరు రిక్తుడు కావలసి వచ్చింది, అయ్యాడు. అడిగినవాళ్ల కుర్చీలు ఎక్కడివక్కడే. ఇలాగే ఆడవాళ్లను మరో ఏడాది, మరో సినాడ్ అంటూ ఓపిక పట్టమన్నారు. ఇంగ్లండులో మొదటి మహిళా గురువులకు 1994లో అభిషేకమైతే మొదటి మహిళా బిషప్‌కు 2015 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మధ్యకాలమంతా వినయం ఆడవాళ్ల వాటా, విచక్షణ మగవాళ్ల వాటా.

ఈ కిటుకును బయటపెట్టిన వేదాంత పండితులూ ఉన్నారు, జాగ్రత్త. ఇంగ్లండు సంఘంలో మహిళల అభిషేకం కోసం పోరాడి, చివరికి క్రైస్తవాన్నే వదిలేసిన డాఫ్నీ హాంప్సన్, తనను తాను ఖాళీ చేసుకోవడమన్న ఆదర్శం అధికారమున్న మగవాళ్లకు మందు కావచ్చు గానీ, మొదటినుంచీ ఖాళీగానే ఉంచబడిన ఆడవాళ్లకు పనికిరాదన్నారు. దానికి ఆంగ్లికన్ గురువు, పండితురాలు సారా కోక్లీ బదులిచ్చారు. దేవుడి ముందు మౌనంగా, ఏ రక్షణా లేకుండా నిలబడే ప్రార్థన వేరు, మనిషి ముందు అణిగిమణిగి పడుండటం వేరు, మొదటిది చేసేవాళ్లు రెండోదాన్ని ఎదిరించగల శక్తి తెచ్చుకుంటారన్నది ఆమె వాదన సారం. ఇద్దరిలో ఎవరు నెగ్గినా మీకు నష్టమే. ఖాళీ కావలసింది ఎవరి చేతిలో ఏముందో చూసి తేల్చాలని రెండూ మీ వైపే వేలు చూపిస్తాయి. ఈ పుస్తకాలు సెమినరీ లైబ్రరీలో పై అరలో పెట్టించండి.

ఇక విడిపోవాలనిపిస్తే ఎప్పుడూ 'వెళ్తున్నాం' అనకండి. 2025 అక్టోబరులో సారా ముల్లల్లీని కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా, ఆ పీఠానికి తొలి మహిళగా, ప్రకటించారు. రెండు వారాలు తిరక్కుండా సంప్రదాయవాద ఆంగ్లికన్ల కూటమి గాఫ్‌కాన్ అధ్యక్షుడు, రువాండా ఆర్చిబిషప్ లారెంట్ ఎంబాండా ప్రకటన చేశారు: మేం ఆంగ్లికన్ కమ్యూనియన్‌ను వదిలిపెట్టలేదు, కమ్యూనియన్ అంటే మేమే. గడప దాటకుండానే ఇంటి పేరు పట్టుకుపోవడమంటే ఇది. కాంటర్‌బరీ వైపూ తక్కువ తినలేదనుకోండి. అధ్యక్ష స్థానం వంతులవారీగా తిరగాలని తమ కమిటీయే ప్రతిపాదన రాస్తే, దాని మీద చర్చకు మరికొన్ని సమావేశాలు వేసుకున్నారు. ఈ అలక కొత్తదేమీ కాదు. 1867లో మొట్టమొదటి లాంబెత్ సమావేశానికే యార్క్ ఆర్చిబిషప్ రాలేదు, ముగింపు ఆరాధనకు వెస్ట్‌మినిస్టర్ అబ్బే ఇవ్వనని అక్కడి డీన్ అన్నాడు.

చేయకూడని పని

చివరగా ఒక హెచ్చరిక. ఈ చిట్కాలేవీ తెలియని కొందరు ఒకసారి ఘోరమైన పొరపాటు చేశారు. అది మన దగ్గరే జరిగింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేలకొచ్చి దోర్నకల్‌లో పనిచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. మాదిగ, మాల పల్లెల్లో తిరిగినాయన. ఊళ్లో ఒకే వాడలో ఉన్నవాళ్లను 'నువ్వు ఆంగ్లికన్, నువ్వు మెథడిస్టు' అని ఎక్కడో ఇంగ్లండులో పడ్డ తగాదాలను బట్టి విడదీయడం ఆయనకు నచ్చలేదు. 1919లో తరంగంబాడిలో కొందరు కూర్చుని ఐక్యత కోసం పిలుపునిచ్చారు, అందులో ఆయన ముందున్నాడు. చర్చలు 28 ఏళ్లు సాగాయి. ఆయన 1945 జనవరి 1న పోయాడు, ఫలితం చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే ఒకటైన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి సిఎస్‌ఐ ఏర్పడింది.

ఇందులో ఆంగ్లికన్లు ఏం కింద పెట్టారో చూడండి. మద్రాసు, దోర్నకల్, తిరునల్వేలి, తిరువాంకూరు-కొచ్చిన్ అనే నాలుగు డయోసిస్‌లు ఆంగ్లికన్ కమ్యూనియన్‌లోంచి బయటికొచ్చేశాయి. బిషప్ చేతులుంచని మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ అయ్యగార్లను 'మళ్లీ అభిషేకం చేయించుకో' అనకుండా తమ గురువులతో సమానంగా తీసుకున్నారు. ఇంగ్లండులో సగం వేదాంతం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది! అటు నుంచి వచ్చినవాళ్లు, బిషప్ అంటేనే కిట్టనివాళ్లు, బిషప్పుల్ని ఒప్పుకున్నారు. స్కాట్లండు సంఘం పంపిన ప్రెస్బిటేరియన్ లెస్లీ న్యూబిగిన్ మదురై బిషప్ అయ్యాడు. ఎవరి దగ్గర ఏది గొప్పో సరిగ్గా అదే వాళ్లు వదిలిపెట్టాల్సి వచ్చింది. ఎవరిదీ పక్కవాడి జేబు కాదు.

దీనికి ఫలితం ఎలా ఉంటుందో మీరే ఊహించగలరు. టి.ఎస్. ఎలియట్, అంత పెద్ద కవి, ఆ పథకం మీద 1943లోనే 'రీయూనియన్ బై డిస్ట్రక్షన్' అని చిన్న పుస్తకం రాసి తిట్టిపోశాడు. 1948 లాంబెత్ సమావేశం సిఎస్‌ఐని పూర్తిగా దగ్గరికి తీయలేదు. కొత్త సంఘంలో అభిషేకం పొందినవాళ్లను గుర్తించాలా వద్దా అన్నదాని మీద బిషప్పులకు మాట కుదరలేదు. మన నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘాలు చాలావరకు చేరమని ఉండిపోయి, కొన్ని దశాబ్దాల తర్వాత గానీ సిఎస్‌ఐలోకి రాలేదు. పోనీ కలిసిన తర్వాతైనా పునీతులయ్యారా అంటే, కోర్టు సంగతులు పైనే చెప్పాను. ఇంతా చేస్తే సిఎస్‌ఐ ఇవాళ ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో పూర్తి సభ్యసంఘం, పేరు వదిలేసి వెళ్లినవాళ్లను తర్వాత వాళ్లే పిలిచి కూర్చోబెట్టుకున్నారు. ఇలాంటి ఉదాహరణలు ఉంటే నాలాంటి సలహాదారుల బతుకుతెరువు కష్టం. కాబట్టి సంఘ చరిత్ర పాఠాల్లో 1947ను ఒక తేదీగా చెప్పించండి, ఎవరు ఏం వదిలారన్న జాబితా చెప్పించొద్దు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఈ చిట్కాల్లో ఏదైనా పాటించినందువల్ల మీ డయోసిస్‌లో రెండు వర్గాలవారు పొరపాటున ఒకే బల్ల దగ్గరికి వచ్చి ఉంటే దయచేసి నాకొక కార్డు రాయండి. తర్వాతి ముద్రణలో ఆ చిట్కా తీసేస్తాను.